అప్‌డేట్: వేరే రాష్ట్రంలో మెరిట్ స్కాలర్‌షిప్‌తో తక్కువ ఖర్చు కాలేజీ

అమెరికాలో మా ఆదాయానికి నీడ్ ఎయిడ్ (కుటుంబ ఆర్థిక అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం) రాదు, వేరే రాష్ట్రంలో ఫీజు తగ్గించే కాలేజీలు ఎలా వెతకాలని అడిగాను కదా. మీ జవాబులు పట్టుకుని వెతికితే తేలినవి ఇవి.

మొదట తెరవాల్సింది కాలేజీ ర్యాంకు కాదు, దాని కామన్ డేటా సెట్, అంటే కాలేజీలు ఏటా ఒకే నమూనాలో ప్రకటించే గణాంకాల పత్రం. అందులో హెచ్2ఏ భాగం ఎన్, ఓ వరుసల్లో, ఆర్థిక అవసరం లేని విద్యార్థుల్లో ఎందరికి కాలేజీ సొంత డబ్బు ఇచ్చిందో, సగటున ఒక్కొక్కరికి ఎంత ఇచ్చిందో ఉంటుంది. సున్నా కనిపిస్తే ఇక దాన్ని వదిలేయడమే. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు మొత్తం ఈ బాపతే.

అలబామా యూనివర్సిటీ జీపీఏ (హైస్కూల్ మార్కుల సగటు), ఏసీటీ లేదా ఎస్ఏటీ ప్రవేశ పరీక్షల స్కోర్లను బట్టి స్కాలర్‌షిప్ ఎంతో పట్టికే పెడుతుంది. చేరబోయే ఏడాది పట్టికే చూడండి, పాతది పనికిరాదు. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోటీ మీద కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ వస్తే ఆ రాష్ట్రం వాళ్లు కట్టే తక్కువ ట్యూషన్ రేటు (స్థానిక రేటు) దొరకవచ్చు. అసలు లాభం ఆ వెయ్యి కాదు, ఈ రాయితీయే! కాకపోతే వీటి సంఖ్యకు పరిమితి ఉంది, హామీ లేదు. పశ్చిమ రాష్ట్రాల వాళ్లకు డబ్ల్యూయూఈ (వెస్టర్న్ అండర్‌గ్రాడ్యుయేట్ ఎక్స్ఛేంజ్) అనే ఏర్పాటు ఉంది: ట్యూషన్ స్థానిక రేటుకు 150 శాతం మించదు, కానీ కొన్ని కాలేజీలు గిరాకీ కోర్సులను మినహాయిస్తాయి.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) మీద పిల్లలున్న మనవాళ్లకు ఒక మాట: పీఎస్ఏటీ పరీక్ష మీద ఇచ్చే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కు ఒకప్పుడు పౌరసత్వమో, గ్రీన్ కార్డో, కనీసం దాని దరఖాస్తో ఉండాల్సి వచ్చేది; ఇప్పుడు అమెరికాలోనే హైస్కూల్ చదివే పిల్లలకు ఆ షరతు లేదు. కాలేజీల సొంత మెరిట్ స్కాలర్‌షిప్‌కూ చాలాచోట్ల ఆ షరతు లేదు, అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

స్కాలర్‌షిప్ నిర్ణీత డాలర్లలో ఉంటే ట్యూషన్ పెరిగినప్పుడల్లా తేడా మనమే కట్టాలి. ఎన్ని సెమిస్టర్లు ఇస్తారో, నిలబెట్టుకోవడానికి ఎంత జీపీఏ కావాలో సాధారణంగా ఆఫర్ లెటర్‌లోనే ఉంటుంది.