60 రోజుల జీతం చేతిలో పెడితే నోటీసు ఇచ్చినట్టేనా?

కృష్ణాతీరం:
అమెరికాలో 100 మంది లేదా అంతకు మించి పూర్తికాల ఉద్యోగులున్న సంస్థ పెద్దయెత్తున ఉద్యోగాలు తీసివేయాలంటే 60 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలని 1988 నాటి వార్న్ చట్టం చెబుతోంది. అలా తెలియజేయకుండా ఆ 60 రోజుల జీతం ఒకేసారి ఇచ్చి అదే రోజు పంపివేస్తే ఉద్యోగికి నష్టమేమీ లేదని, పైగా రెండు నెలలూ కొత్త కొలువు వెతుక్కోవడానికే దక్కుతాయని నా అభిప్రాయం.

నల్లరేగడి:
మీతో ఏకీభవించలేను. నోటీసు ఇచ్చి, పని చెప్పకపోయినా 60 రోజులూ పేరోల్‌లో ఉంచడం వేరు, ఈరోజే ఉద్యోగం ముగించి డబ్బు ఇవ్వడం వేరు. హెచ్1బీ వీసాపై ఉన్న మనవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది. ఉద్యోగం పోయాక దేశంలో ఉండేందుకు 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం దొరికే గరిష్ఠ గడువు 60 రోజులే, దాన్ని సాధారణంగా జీతం వర్తించిన చివరి రోజు మర్నాటి నుంచి లెక్కిస్తారు, విడిగా ఇచ్చే సెవరెన్స్ సొమ్ము (ఉద్యోగం తీసివేసినందుకు ఇచ్చే పరిహారం) ఆ గడువును ఒక్క రోజు కూడా పొడిగించదు. బడికి వెళ్లే పిల్లలున్న ఇంట్లో ఆ రెండు నెలల విలువ ఏ చెక్కుతోనూ తీరేది కాదు. పైగా నోటీసు ఉద్యోగికే గాక రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకూ వెళ్లాలి, శిక్షణ, ఉపాధి సహాయం సకాలంలో మొదలయ్యేది దానివల్లనే.

కృష్ణాతీరం:
వీసా సంగతి ఒప్పుకుంటాను. కానీ కష్టాల్లో ఉన్న సంస్థ ముందుగా ప్రకటిస్తే అప్పు ఇచ్చేవారు వెనక్కి తగ్గి, నిలబడగలిగినదీ మూతపడుతుంది గదా?

నల్లరేగడి:
దానికి చట్టంలోనే మినహాయింపు ఉంది. మూసివేతను తప్పించుకోవడానికి పెట్టుబడి కోసం నిజంగా ప్రయత్నిస్తున్న సంస్థ గడువు తగ్గించుకోవచ్చు, అప్పుడు కూడా వీలైనంత ముందుగా, కారణం చూపి నోటీసు ఇవ్వవలసిందే. నాకు బాధ కలిగించేది వేరు: ఉల్లంఘన జరిగితే కార్మిక శాఖ కేసు వేయదు, ఉద్యోగం పోయినవారే ఫెడరల్ కోర్టుకు వెళ్లాలి, గెలిచినా దక్కేది గరిష్ఠంగా 60 రోజుల జీతభత్యాలే. ముందే ఆ సొమ్ము చెల్లించిన సంస్థకు ఇక భయపడవలసినది దాదాపు లేదు. న్యూజెర్సీ 2023 ఏప్రిల్ 10 నుంచి ఈ దారి మూసింది. అక్కడ 90 రోజుల నోటీసూ, పనిచేసిన ప్రతి ఏడాదికి ఒక వారం జీతమూ రెండూ ఇవ్వాలి, నోటీసు తగ్గితే మరో నాలుగు వారాల జీతం అదనం. ఫెడరల్ చట్టాన్ని కూడా ఇలాగే సవరించాలన్నది నా వాదన.