అక్టోబర్ మొదట్లో కాలనీవాళ్ళతో నేచర్ వాక్: ఎక్కడికి, ఎంతమందితో, ఏం చూపించాలి?

బాచుపల్లి_బాల్కనీ

అందరికీ నమస్కారం. వన్యప్రాణి వారోత్సవాల్లో (అక్టోబర్ 2 నుంచి 8) వచ్చే ఆదివారం పొద్దున హైదరాబాద్ బాచుపల్లిలోని మా కాలనీ అసోసియేషన్ తరఫున నేచర్ వాక్ పెట్టాలనుకుంటున్నాం. ఇప్పటికి 40 మంది పేర్లిచ్చారు. అందులో ఆరు నుంచి పదమూడేళ్ళ పిల్లలు 12 మంది, అరవై దాటినవాళ్ళు ఏడెనిమిది మంది. బైనాక్యులర్లు మొత్తం 5 ఉన్నాయి. అమీన్‌పూర్ చెరువు దగ్గరే కదా, ఫ్లెమింగోలు కనిపిస్తాయి, అక్కడికే పోదాం అంటున్నారు చాలామంది.

ఆ నెలలో అమీన్‌పూర్ సరైన చోటేనా? 40 మందిని ఒకేసారి తీసుకెళ్ళొచ్చా? వానలు పడ్డాక పొదలు బాగా పెరిగాయి, పాములూ పురుగుల సంగతేంటి? దసరా రోజులు కాబట్టి పాలపిట్టను చూపించమని పెద్దవాళ్ళు అడుగుతున్నారు. దానికి దారేదైనా ఉందా?

---

చెరువుకట్ట

ముందు ఫ్లెమింగోల మాట పోస్టర్ మీంచి తీసేయండి. అమీన్‌పూర్‌కి 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది, మంచి చెరువే. కానీ అక్టోబర్ మొదటి వారం దాని అసలు సీజన్ కాదు. వలస బాతులు గుంపులుగా దిగేది నవంబర్, డిసెంబర్‌లలో. ఇంకో కారణం నీటిమట్టం. వానాకాలం చివర చెరువు నిండుగా ఉంటుంది, ఒడ్డున బురద బయటపడదు. పొడుగు కాళ్ళ పిట్టలకీ ఫ్లెమింగోలకీ లోతు తక్కువ నీళ్ళు, మెత్తటి బురద కావాలి. అవి దొరికేది జనవరి తర్వాత, నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు. ఎక్కువ నీళ్ళుంటే ఎక్కువ పక్షులుంటాయనుకుని వెళ్ళినవాళ్ళే నిరాశగా తిరిగొస్తారు.

చెరువుకే వెళ్ళాలనుకుంటే నీళ్ళ మధ్యకి కాదు, అంచులకి చూడండి. తుంగలో నీటికోళ్ళు, తామరాకుల మీద పొడవాటి వేళ్ళతో నడిచే జకానా, రెక్కలు విప్పి ఆరబెట్టుకునే నీటికాకులు, గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి నిట్టనిలువుగా దూకే నలుపు తెలుపు లకుముకి పిట్ట, ఇవన్నీ ఏడాది పొడుగునా ఉండేవే. ఒడ్డున రాళ్ళ మీద తోక ఆడిస్తూ తిరిగే వ్యాగ్‌టెయిల్, ఒళ్ళు ఊపుతూ నడిచే కామన్ శాండ్‌పైపర్ అప్పటికి వచ్చేసి ఉంటాయి. వలస మొదలైందని పిల్లలకి చెప్పడానికి ఈ రెండూ చాలు.

గిజిగాడి గూళ్ళు తప్పకుండా చూపించండి. నీళ్ళ మీదికి వంగిన తుమ్మ, ఈత చెట్లు వెతకండి. గూడు కట్టేది మగపిట్ట. హెల్మెట్ ఆకారం వచ్చేదాకా అల్లి ఆపుతుంది, ఆడపిట్ట వచ్చి చూసి ఒప్పుకుంటేనే కింది గొట్టం పూర్తి చేస్తుంది. అందుకే పూర్తయిన గూళ్ళ పక్కనే సగంలో వదిలేసిన గూళ్ళు వేలాడుతుంటాయి. ఆ రెండూ పక్కపక్కనే చూపిస్తే ఆరేళ్ళ పిల్లకి కూడా అర్థమవుతుంది. అక్టోబర్‌కి చాలా గూళ్ళు ఖాళీ అవుతాయి కానీ ఏది ఖాళీయో కింద నుంచి తెలియదు, ఏదీ తెంపనివ్వకండి.

ఇంకో మాట. పొద్దున తూర్పు గట్టు మీద నిలబడి పడమటి వైపు చూడాలి. సూర్యుడు ఎదురుగా ఉంటే ఎంత మంచి బైనాక్యులర్ అయినా పిట్టలు నల్లటి నీడల్లాగే కనిపిస్తాయి.

---

నడకదారి

40 మంది ఒకే గుంపుగా వద్దండి. సన్నటి బాటలో 40 మంది వరసగా నిలబడితే 30 మీటర్ల పైనే అవుతుంది. ముందున్నవాళ్ళు చూసిన పిట్ట వెనకవాళ్ళు చేరేలోపు ఎగిరిపోతుంది. మాటలు మొదలయ్యేది కూడా అక్కడే, ఏమీ కనపడనివాళ్ళు కబుర్లలో పడతారు. గుంపుకి 12 – 15 మంది, ముందు తెలిసినవాళ్ళు ఒకరు, చివర తలలు లెక్కపెట్టుకునే మనిషి ఇంకొకరు. మీకైతే మూడు గుంపులు. పిట్టల గురించి చెప్పగలిగినవాళ్ళు ఒక్కరే ఉంటే మూడు వేర్వేరు ఆదివారాలు పెట్టండి, ఒకేరోజు లాగించొద్దు. డెక్కన్ బర్డర్స్‌లాంటి సంఘాలు నగరంలో ఎప్పట్నుంచో నడకలు నిర్వహిస్తున్నాయి. ముందు అలాంటి ఒక నడకకి మీ కమిటీ నుంచి ఇద్దరు వెళ్ళి, గుంపుని ఎలా నడుపుతారో చూసి రావడం మంచిది.

అక్టోబర్ మొదట్లో ఇక్కడ తెల్లవారేది ఆరు దాటాక. 5:50కి గేటు దగ్గర చేరితే 6:10కి కదలొచ్చు. రెండు కిలోమీటర్లకి మించి పెట్టకండి, దానికే రెండున్నర గంటలు పడుతుంది. పెద్దవాళ్ళకి 500 మీటర్లకొకసారి కూర్చునే చోటుండాలి. బాత్రూమ్ ఎక్కడుందో ముందురోజే వెళ్ళి తలుపు తీసి చూసుకోండి. ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేసి నడుస్తుంటారు, ఎండ ఎక్కేసరికి కళ్ళు తిరుగుతాయి. మనిషికి లీటరు నీళ్ళు, గుంపుకి నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు.

రాత్రి వాన పడితే రాతి బండల మీద నాచు జారుతుంది, పెద్దవాళ్ళని మట్టిబాటకే పరిమితం చేయండి. నల్లరేగడి నేలైతే ఆ రోజు మానేయండి, బూటు కిందికి కిలో మట్టి అంటుకుంటుంది.

బైనాక్యులర్లు ముగ్గురికొకటి ఉండాలి, అంటే గుంపుకి నాలుగైదు. మూడు గుంపులు ఒకేరోజు వద్దనడానికి ఇది రెండో కారణం. కొనేవాళ్ళుంటే 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది) చాలు. 10 రెట్లదైతే చెయ్యి వణుకు కూడా అంత పెద్దదిగా కనిపిస్తుంది, కొత్తవాళ్ళకి పిట్ట దొరకదు. నడక మొదలుపెట్టే ముందు గేటు దగ్గరే పది నిమిషాలు వీటికి ఇవ్వండి. ముందు రెండు గొట్టాలనీ దగ్గరికి జరిపి, రెండు కళ్ళకీ కలిపి ఒకే గుండ్రం కనపడేలా చేసుకోవాలి. తర్వాత కుడి కన్ను మూసి, దూరంగా ఉన్న ఒక బోర్డు మీది అక్షరాలు ఎడమ కంటికి స్పష్టంగా వచ్చేదాకా మధ్య చక్రం తిప్పాలి. ఇప్పుడు ఎడమ కన్ను మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరి రింగు తిప్పి అదే బోర్డుని స్పష్టం చేసుకోవాలి. ఆ తర్వాత నడకంతా మధ్య చక్రంతోనే పని. కళ్ళజోడు ఉన్నవాళ్ళు కంటి కప్పుల్ని లోపలికి దించాలి, లేకపోతే చుట్టూ నల్లటి అంచులే కనిపిస్తాయి. ‘మసకగా ఉందండీ’ అనేవాళ్ళలో చాలామందికి ఆ కుడి రింగు ఉందనే తెలియదు.

కేబీఆర్ పార్కు గానీ చిల్కూరు మృగవని గానీ ఎంచుకుంటే అవి నేషనల్ పార్కులు. వేళలు, టికెట్, కెమెరా రుసుము ముందే కనుక్కోండి, గుంపుగా వస్తున్నామని అటవీశాఖకి పదిరోజుల ముందే లేఖ ఇవ్వండి. ఆదివారం కేబీఆర్‌లో వాకర్ల రద్దీ ఎక్కువ, మీ అవసరానికి మృగవని నయం. చుక్కల జింకలు కనిపించే అవకాశం ఉంది, కనిపిస్తాయని మాత్రం హామీ ఇవ్వకండి.

---

తూనీగ

ఇద్దరూ పిట్టల దగ్గరే ఆగిపోయారు. సెప్టెంబర్, అక్టోబర్ హైదరాబాద్‌లో అసలు పురుగుల కాలం! పిల్లలు ఎక్కువున్న గుంపుకి బైనాక్యులర్ కన్నా పది రెట్ల చేతి భూతద్దం మేలు. నా సలహా ఏంటంటే, పిల్లలకి విడిగా ఒక గుంపు పెట్టి చెరువు కాకుండా తుప్పలూ గడ్డీ ఉన్న బీడు చూపించండి.

సీతాకోకచిలుకలు పొద్దున ఆరింటికి ఎగరవు. ఒంట్లో వేడి పుట్టాలంటే వాటికి ఎండ తగలాలి. ఎనిమిదయ్యేసరికి రెక్కలు చాచి ఎండకి కూర్చుంటాయి, ఎనిమిదిన్నర దాటాక చురుగ్గా తిరుగుతాయి. కాబట్టి పిల్లల గుంపు 7:30కి మొదలుపెడితే నిద్రా చెడదు, చూడ్డానికీ ఉంటుంది.

ఏ మొక్క దగ్గర ఆగాలో తెలిస్తే సగం పని అయినట్టే. బతుకమ్మకి పూలు కోసే తంగేడు ఎమిగ్రంట్ జాతి సీతాకోకచిలుకలకి పిల్లల్ని పెంచుకునే చెట్టు. లేత ఆకులు తిప్పి చూస్తే ఆకు రంగులోనే ఉన్న పచ్చటి గొంగళిపురుగు కనిపిస్తుంది. పూలు కోసేవాళ్ళకి ఒక్కటే చెప్పండి, ఒకే పొదని గీసినట్టు కోసేయకుండా నాలుగు పొదల నుంచి తలా కొంచెం కోసుకోమని.

జిల్లేడు దగ్గర ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు వెతకండి. ఒంటి మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీలు, వీపు మీద మూడు జతల నల్లటి మెత్తని కొమ్ములు. జిల్లేడు పాలలోని విషాన్ని అది ఒంట్లో దాచుకుంటుంది, అందుకే పిట్టలు దాని జోలికి పోవు, అదీ దాక్కోదు. పిల్లల చేత ఆకు తెంపించొద్దు, ఆ పాలు కంట్లో పడితే కన్ను ఎర్రబడి చూపు మసకబారొచ్చు, నొప్పి పెద్దగా లేకపోయినా తేలిగ్గా తీసుకోవద్దు. పడితే ఆపకుండా పదిహేను నిమిషాలు నీళ్ళతో కడిగి నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

తల మీద గుంపులుగా తిరిగే పసుపుపచ్చ తూనీగలు వాండరింగ్ గ్లైడర్లు. వాననీటి గుంటల్లో పెరిగి, ఈ నెలల్లో గాలివాటంగా బయల్దేరి మాల్దీవుల మీదుగా తూర్పు ఆఫ్రికా వైపు సముద్రం దాటుతాయి. నాలుగున్నర సెంటీమీటర్ల పురుగు! ఫ్లెమింగో కనపడలేదని బాధపడేవాళ్ళకి దీన్ని చూపించండి.

సాలెగూళ్ళు బాటకి అడ్డంగా ఉంటాయి. గూడు మధ్యలో తెల్లదారంతో గుణకారం గుర్తు అల్లి, కాళ్ళు జతలు జతలుగా చాచి కూర్చునేది సిగ్నేచర్ సాలీడు. పెద్దది ఆడది, అంచున నక్కి ఉన్న చిన్నది మగది. ముందు నడిచేవాళ్ళు కర్రతో గూళ్ళు తెంపుకుంటూ పోకుండా, వంగి దాటమని వెనక్కి మాట అందించాలి.

---

పొదలపక్కన

జాగ్రత్తల సంగతి. నిండు ప్యాంటు, మడమ పైదాకా బూట్లు, ప్యాంటు అంచుని సాక్సులోకి దోపుకోవాలి. ఇది పాముల కోసమే కాదు. వానల తర్వాత గడ్డిలో ఉండే నల్లిజాతి (మంచం నల్లులు కావు, మైట్లు) పిల్లపురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కంటికి ఆనేంత పెద్దవి కావు, కుట్టినట్టూ తెలియదు. కొందరికి నడుము దగ్గర, చంకలో, గజ్జల్లో నల్లటి పొక్కు కడుతుంది, మూడు వారాల లోపు జ్వరం మొదలవుతుంది. అలా జ్వరం వస్తే డెంగ్యూ పరీక్షతో ఆపకుండా ‘గడ్డిలో తిరిగాం’ అని డాక్టర్‌కి చెప్పండి. సమయానికి తెలిస్తే మామూలు యాంటీబయాటిక్‌తోనే తగ్గుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. గడ్డి మీద నేరుగా కూర్చోవద్దు, పట్టా పరచండి. దోమల మందు చేతులకే కాకుండా సాక్సులకీ ప్యాంటు అంచులకీ రాయండి. ఇంటికెళ్ళగానే స్నానం, బట్టలు ఉతుక్కి.

రక్తపింజరి పొద్దున పూట దారి పక్కన ఎండుటాకుల్లో కదలకుండా పడి ఉంటుంది. కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస వినపడితే ఉన్నచోటే ఆగి, ఎక్కడుందో చూసుకుని, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి రావాలి. రాళ్ళు తిప్పి చూడటం పిల్లలకి సరదా, కానీ చిన్న పింజరి ఉండేది వాటి కిందే. కరిస్తే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేసి, కరిచిన కాలు కదలకుండా కర్ర కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని 108లో యాంటీవీనమ్ ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఏ ఆసుపత్రికి వెళ్ళాలో ముందురోజే ఫోన్ చేసి తేల్చుకోండి. పామును పట్టుకుని తీసుకెళ్ళనక్కర్లేదు.

దూలగొండి కాయలు కట్టే కాలం వస్తోంది. గోధుమరంగు నూగు తగిలితే గోకకండి, ఎంత గోకితే అంత పాకుతుంది. ప్లాస్టర్ టేపు అద్ది పీకి, ఆ తర్వాత కడగండి. వయ్యారిభామ కలుపుమొక్క విరగపూసి ఉంటుంది కాబట్టి ఆస్తమా ఉన్నవాళ్ళు ఇన్‌హేలర్ జేబులో పెట్టుకోవాలి. పెద్ద తేనెపట్టు కనిపించిన చెట్టు కింద, బండ కింద ఆగొద్దు, సెంటు పూసుకుని రావొద్దని ముందే చెప్పండి. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని పరుగెత్తి కారులోకో గదిలోకో దూరాలి. నీళ్ళలో దూకితే పైనే తిరుగుతూ కాచుకుంటాయి.

---

బాచుపల్లి_బాల్కనీ

అందరికీ ధన్యవాదాలండీ. మూడు ఆదివారాలుగా విడదీస్తున్నాం, పిల్లల గుంపు విడిగా, ఆలస్యంగా. పోస్టర్ మార్చేశాం. పాలపిట్ట సంగతి, లిస్టు రాయడం గురించి కూడా ఎవరైనా చెప్తారా?

---

చెరువుకట్ట

పాలపిట్ట అడవి లోపల కాదు, పొలాల పక్కన కరెంటు తీగల మీద, మొండి కొమ్మల మీద ఉంటుంది. కూర్చున్నప్పుడు గోధుమరంగు గుండె, పెద్ద తల, కాకి కంటే చిన్నది. చాలామంది ఆ రూపంలో దాన్ని గుర్తుపట్టరు, రెక్క విప్పి ఎగిరినప్పుడే నీలం రంగు బయటపడుతుంది. శంకర్‌పల్లి రోడ్డు వైపు పొలాల మధ్య పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా తీగలు చూసుకుంటూ వెళ్ళండి. కారు దిగకండి, మనిషి దిగితే ఎగిరిపోతుంది, కారు నిలబడితే అంత పట్టించుకోదు.

దసరాకి పంజరంలో పెట్టి చూపించి డబ్బులడిగేవాళ్ళు వస్తారు. ఆ పిట్టల రెక్కలు కట్టేసి ఉంటాయి, వదిలేసినా చాలావరకు బతకవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడమూ, దగ్గర ఉంచుకోవడమూ నేరం. జాలిపడి కొని వదిలేసినా మరుసటి ఏడాదికి వలలు పెరుగుతాయి, కాబట్టి డబ్బివ్వకుండా అటవీశాఖకి చెప్పండి. కాలనీ గేటు దగ్గర సెక్యూరిటీకి ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

---

నడకదారి

లిస్టుకి ఈబర్డ్ యాప్ వాడండి. గుంపుకి ఒక్కరే రాయాలి, మిగతావాళ్ళకి తర్వాత షేర్ చేయొచ్చు. మొదలైన సమయం, ఎన్ని నిమిషాలు, ఎంత దూరం, ఈ మూడూ సరిగ్గా పడితేనే ఆ లిస్టు లెక్కలకి పనికొస్తుంది. కాకులు, పావురాలు, గోరింకలు వదిలేయకండి. కనిపించి గుర్తుపట్టినవన్నీ రాస్తేనే ‘కంప్లీట్’ అని టిక్ పెట్టాలి. అంకె వేయడానికి భయపడి ఎక్స్ (ఉంది, ఎన్నో లెక్కపెట్టలేదు అని గుర్తు) పెట్టొద్దు. తీగ మీద వరసగా కూర్చున్న పిట్టల్ని పది లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర పట్టాయో చూసి, తీగ మొత్తానికి హెచ్చవేస్తే చాలు. గుర్తుపట్టలేని వార్బ్లర్‌ని ‘వార్బ్లర్ జాతి’ అనే రాయండి, ఊహించి పేరు పెట్టొద్దు. మెర్లిన్ యాప్ కూత విని చెప్పిన పేరుని కంటితో చూడకుండా ఎక్కించొద్దు, గిజిగాళ్ళ గోలలో అది తరచూ పొరబడుతుంది. ఫోన్‌లో కూతలు వినిపించి పిట్టల్ని పిలవడం కూడా వద్దు, అది పిల్లలకి అలవాటైతే మాన్పించడం కష్టం.

గుడ్లగూబ గూడు గానీ కాపురమున్న తొర్ర గానీ కనిపిస్తే ఆ చోటు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, మర్నాటికల్లా కెమెరాలు వాలతాయి. అక్టోబర్ రెండో శనివారం ప్రపంచమంతా ఒకేరోజు పిట్టల్ని లెక్కపెట్టే బిగ్ డే ఉంటుంది. మీ మొదటి గుంపులోంచి ఆసక్తి ఉన్న నలుగురు ఆ పొద్దున అదే బాటలో, అదే వేళకి మళ్ళీ నడిచి లిస్టు ఎక్కించండి. జనవరిలో నీళ్ళు తగ్గాక ఇంకోసారి నడిస్తే, అక్టోబర్‌లో కనపడనివి ఏవేం వచ్చాయో మీ దగ్గరే లెక్క ఉంటుంది.