గుర్రాల ఫోటోలే పనిగా పెట్టుకుంటే వరంగల్‌ల నిలబడొచ్చా?

హన్మకొండ కెమెరా:
ఏడేండ్ల నుంచి పెండ్లి ఫోటోలు తీస్తున్న. మొన్న మాఘమాసంల హంటర్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాల్ కాడ బరాత్ తీసిన. పెండ్లికొడుకు దిగి లోపలికి పోంగనే అందరు ఆయన ఎంబడి పోయిండ్రు. నేను బ్యాటరీ మార్చుకుందామని బయటనే ఆగిన. గుర్రాన్ని చూసుకునే సాయీసు దాని మీది జరీ గుడ్డ, కుచ్చులు, జీను అన్నీ తీసి పక్కకు పెట్టి బకెట్‌ల నీళ్లు పెట్టిండు. నుక్రా జాతి తెల్ల గుర్రం. వీపు మీద జీను ఆకారం చెమటతోని అట్లనే అచ్చు పడి ఉన్నది. నీళ్లు తాగుకుంట ఒక చెవి నా దిక్కు, ఒక చెవి డీజే దిక్కు తిప్పింది. ఒక్క ఫోటో తీసి సాయీసు ఫోన్‌కు పంపిన, అంతే.

పది రోజులకు ఓనర్ ఫోన్ చేసిండు. నా గుర్రం వెయ్యి పెండ్లి ఫోటోల్ల ఉంటది, ఒక్కదాంట్ల గూడ గుర్రాన్ని చూసి తీసినోడు లేడు అన్నడు. ఆయన ద్వారా ఇంకో ముగ్గురు అడిగిండ్రు. అప్పటి సంది నాకు ఇదే ఆలోచన. పెండ్లిళ్లు బంద్ పెట్టి గుర్రాల ఫోటోలే తీద్దామని ఉన్నది. 70-200 పొడుగు లెన్సు ఉన్నది, చేతిల లక్షా ఎనభై వేలు ఉన్నయి. ఇంట్ల ఎవ్వరికీ ఇష్టం లేదు. అనుభవం ఉన్నోళ్లు సరిగ్గ చెప్పండ్రి.

హంటర్ రోడ్ స్టూడియో:
తమ్మీ, వద్దు. నీ పనితనం మీద అనుమానం లేదు, లెక్క మీద ఉన్నది. మన దగ్గర గుర్రాలు ఎవరి దగ్గర ఉన్నయి? బరాత్‌లకు, బగ్గీలకు తోలేటోళ్ల దగ్గర. వాళ్ల సంపాదన ముహూర్తాల మీద. ఆషాఢం వస్తే లేదు, మూఢం వస్తే లేదు. గుర్రానికి మాత్రం ఆ రోజులల్ల గూడ శెనగలు, తవుడు, గడ్డి పెట్టాలె, నాడాలు మార్పియ్యాలె. అసొంటి మనిషి నీకు ఫోటోకు ఎంత ఇస్తడు? ఇచ్చినా ఒక్కసారి ఇస్తడు. పెండ్లికొడుకు ముహూర్తానికొకడు మారుతడు. గుర్రం పదేండ్లయినా అదే గుర్రం.

హైదరాబాద్ సంగతి వేరు. మలక్‌పేట రేస్ కోర్సు ఉన్నది, రైడింగ్ నేర్పేటోళ్లు ఉన్నరు, పిల్లగాండ్లను పంపే తల్లిదండ్రులు ఉన్నరు. ఆ ఊర్ల ఉండేటోడు అడిగితే నేను గూడ చెయ్యుమనేటోన్ని.

నర్సంపేట లాయం:
నేను గుర్రాలు పెంచుతా, కొంటా, అమ్ముతా. స్టూడియో అన్న చెప్పింది బరాత్ గుర్రం వరకు నిజం. కాని అన్న అమ్మకం గుర్రాన్ని లెక్కల పెట్టలేదు.

ఇయ్యాల గుర్రం బేరం సగం వాట్సాప్ మీదనే అయితది. మార్వాడి జాతి గుర్రం అన్నమంటే కొనేటోడు మొదట చెవులు చూస్తడు, రెండు చెవుల కొసలు లోపలికి తిరిగి ఒకదానికొకటి తాకుతున్నయా అని. తర్వాత మెడ, ఛాతి, కాళ్లు. మేము ఏం చేస్తం? ఫోన్ పట్టుకుని ముందర రెండడుగుల దూరంల నిలబడి తీస్తం. తలకాయ గుమ్మడికాయంత పడ్తది, కాళ్లు మేక కాళ్ల లెక్క పొట్టిగ పడ్తయి. పోయిన ఏడు నా ఆడగుర్రం ఫోటో చూసి ఒకాయన ముప్పై వేలు తక్కువకు అడిగిండు. లాయానికొచ్చి కండ్లతోని చూసినంక, ఫోటోల గిట్ల లేదు గదా అని ఆయనే అన్నడు. ఆ ముప్పై వేలల్ల మూడు వేలు ఫోటో తీసేటోనికి ఇస్త, సంతోషంగ ఇస్త.

ఇంకోటి. నాందేడ్ జిల్లా లోహా తాలూకాల మాళేగావ్ జాతర ఉన్నది. ఖండోబా జాతర, మార్గశిర మాసం ఆఖర్ల అయితది. మన ఆదిలాబాద్, నిజామాబాద్ దాటితే అదే. అక్కడ గుర్రాల బజారు చూస్తే నీకు ఈ ప్రశ్న రాదు. జాతరకు పోయే ముందు ప్రతి ఓనర్‌కు మంచి ఫోటో కావాలె. తమ్ముడూ, నువ్వు ఫంక్షన్ హాళ్ల కాడ గిరాకి ఎతుకుతున్నవ్, గిరాకి లాయాలల్ల ఉన్నది.

పాత నెగటివ్:
కాజీపేటలో ముప్పై ఏళ్లు స్టూడియో నడిపాను. వ్యాపారం నడుస్తుందా లేదా అన్నది మీరే తేల్చుకోండి. నేను పని గురించి చెబుతాను, ఎందుకంటే పని రాకుండా పెట్టిన వ్యాపారం ఆరు నెలలు కూడా ఉండదు.

అమ్మకపు ఫోటోకు గుర్రాన్ని పక్క నుంచి, చదునైన నేల మీద నిలబెట్టాలి. ఏటవాలు నేల మీద వెనకవైపు పల్లంలో పడితే నడుము వంగినట్టు కనిపిస్తుంది. కెమెరా గుర్రం పొట్ట మధ్య ఎత్తుకు రావాలి, అంటే మనం మోకాలి మీద కూర్చోవాలి. దూరం జరిగి పొడుగు లెన్సుతో తీస్తే తల, కాళ్లు ఉన్న కొలతలో పడతాయి. అవతలి రెండు కాళ్లు ఇవతలి కాళ్ల చాటున పడకుండా కొంచెం లోపలగా కనిపించాలి. సాయీసు గుర్రాన్ని ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి నడిపిస్తూ ఉంటే ఆ నిలబడటం దానంతటదే కుదురుతుంది. తొందరపెడితే కుదరదు.

తెల్ల గుర్రాన్ని కెమెరా లెక్కకు వదిలేస్తే బూడిద రంగులో వస్తుంది, వెలుగు పెంచాలి. నల్లదానికి తగ్గించాలి. ఇక చెవులు. చెవులు వెనక్కి పడితే ఎంత అందమైన గుర్రమైనా కోపంగా కనిపిస్తుంది. జేబులో ఒక ప్లాస్టిక్ కవరు పెట్టుకుని ఒక్కసారి నలపండి, రెండు చెవులూ ముందుకొస్తాయి. మూడోసారికి పట్టించుకోదు. అందుకే మొదటి చప్పుడుకు ముందే ఫోకస్ అయిపోవాలి.

పరుగు ఫోటోకు సెకనులో వెయ్యో వంతు కంటే నెమ్మదిగా తీయకండి. నాలుగు కాళ్లూ గాలిలో ఉండే క్షణం కాళ్లు చాపినప్పుడు రాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు వస్తుంది. పూర్వం చిత్రకారులు చాలామంది కాళ్లు చాపిన గుర్రాన్నే గాలిలో గీసేవారు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ వరుసగా కెమెరాలు పెట్టి తీశాకే ఆ సంగతి లోకానికి తెలిసింది. మన ఫోటోగ్రఫీ గుర్రం కాళ్ల మీదుగా నడిచి వచ్చిందని నేను మా కుర్రాళ్లకు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఈ బాబు ప్రశ్న చూస్తే నాకు ఎంత సంతోషంగా ఉందో మాటల్లో చెప్పలేను.

పరకాల పిల్ల:
అన్నా, ఖిలా వరంగల్‌ల కీర్తి తోరణాల ముందట గుర్రాన్ని నిలబెట్టి తీస్తే మస్తు ఉంటది గదా? రుద్రమదేవి ఊరు మనది. గా ఒక్క ఫోటోతోనే పేరొస్తది.

హంటర్ రోడ్ స్టూడియో:
అమ్మా, ఆ ఆశ పెట్టుకోవద్దు. అది పురావస్తు శాఖ రక్షణల ఉన్న కట్టడం. 1959 నిబంధనల ప్రకారం కట్టడం లోపలికి జంతువులను తీసుకపోవద్దు. ట్రైపాడ్ పెట్టి షూటింగ్ లెక్క తియ్యాలన్నా అనుమతి కావాలె. మట్టికోట అవతల పొలాలల్ల తీసుకోవచ్చు, సాయంత్రం ఎండ అక్కడ గూడ అదే ఎండ.

మామునూరు డాక్టర్:
పశువైద్యురాలిని. ఇంతసేపు అందరూ ఫోటో గురించి, డబ్బు గురించి మాట్లాడారు. గుర్రం గురించి కూడా కొంచెం మాట్లాడుకుందాం.

గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. దాదాపు చుట్టూ కనిపిస్తుంది కానీ సరిగ్గా ముక్కు ముందు, సరిగ్గా తోక వెనక కనిపించదు. వెనక నుంచి వచ్చి ఫ్లాష్ కొడితే అది తన్నుతుంది, తప్పు దానిది కాదు. భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరికి వెళ్లండి. ముందు కాళ్లు ఎత్తించి తీయమని అడిగేవాళ్లుంటారు. ఆ ఫోటో కోసం కళ్లెం గుంజుతారు, నోరు చీరుకుపోతుంది. నా దగ్గరికి అట్లాంటి నోళ్లు వస్తాయి. ముళ్ల కళ్లెం వాడకూడదని 1965 నుంచే నిబంధన ఉంది. బగ్గీ, బరువు లాగే పశువులను 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పనికి కట్టకూడదని కూడా అందులోనే ఉంది. మన ఏప్రిల్, మే ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా?

ఇంకొక్క మాట. ఒక లాయం నుంచి ఇంకో లాయానికి వెళ్లేటప్పుడు చెప్పులు, చేతులు కడుక్కోండి. గ్లాండర్స్ లాంటి జబ్బు గుర్రం నుంచి గుర్రానికే కాదు, మనిషికీ వస్తుంది.

హన్మకొండ కెమెరా:
డాక్టరమ్మా, మీరు ఈ మాట ఎత్తిండ్రు గనుక ఒక సంగతి అడుగుత. మొన్న ఒక ఓనర్ అమ్మకానికి ఫోటోలు తీపిచ్చుకున్నడు. పొట్ట కింద జీను పట్టీ ఒరుసుకుని అరచేతంత పుండు, వెంట్రుకలు పోయి ఎర్రగ ఉన్నది. ఫోటోల దాన్ని తుడిచెయ్యమన్నడు. నేను చెయ్యలేదు, పైసలు ఇయ్యకుంట పోయిండు. పెండ్లి ఫోటోల మొటిమలు తుడుస్తం గదా, గిది ఎందుకు తుడువవని అడిగిండు. అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయిన.

నర్సంపేట లాయం:
నువ్వు చేసింది మంచిదే గాని వ్యాపారం చేసేటోడు గంత గట్టిగ ఉంటే నడువదు తమ్ముడూ. పుండు పది రోజులల్ల మానుతది. కొనేటోడు ఎట్లైనా వచ్చి చూసుకునే కొంటడు. మట్టి, పేడ మరకలు తుడుస్తవ్ గదా, గది గూడ అసొంటిదే.

మామునూరు డాక్టర్:
అసొంటిది కాదన్నా. మట్టి నీళ్లకు పోతుంది. జీను పుండు, జీను సరిపోవడం లేదని గుర్రం చెప్పే మాట. కొన్నవాడు అదే జీను వేసి మళ్లీ తోలితే అదే చోట ఇంకా లోతుగా పడుతుంది. పెళ్లికూతురు తన మొటిమ తీసేయమని తానే అడుగుతుంది, ఆ ముఖం ఆమెది. గుర్రాన్ని ఎవరు అడిగారు? మోసపోయేది ఫోటో చూసి దూరం నుంచి బయానా, అంటే అడ్వాన్సు, పంపేవాడు. మీరే అన్నారు, బేరం సగం వాట్సాప్‌లోనే అవుతుందని.

నర్సంపేట లాయం:
బయానా మాట నిజమే. గా దిక్కు నేను ఆలోచించలే. నా గుర్రాల వరకు తుడువమని అడుగ.

కోర్టు రోడ్:
వకీలును. ఫోటో మీద హక్కు ఎవరిదని ఇద్దరు ముగ్గురు ఫోన్‌లో అడిగారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోకు మొదటి హక్కుదారు తీయించుకున్న మనిషే, వేరే ఒప్పందం లేకపోతే. అంటే ఓనర్ డబ్బులిచ్చిన ఫోటోను నీ పేజీలో పెట్టుకోవాలన్నా, క్యాలెండర్ వేసి అమ్ముకోవాలన్నా ముందే కాగితం రాయించుకో తమ్ముడూ. తెలుగులో నాలుగు లైన్లు చాలు. సాయీసుకు పంపిన ఆ నీళ్లు తాగే ఫోటో నీకై నువ్వు తీసింది, అది నీదే. జీఎస్టీకి భయపడకు, సేవల మీద రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ నమోదు ఉచితం, ఎవరికీ ఫీజు ఇవ్వకు.

హంటర్ రోడ్ స్టూడియో:
అమ్మకం ఫోటోల సంగతి నాకు తెల్వదు, ఒప్పుకుంటున్న. అయినా నా మాట మీదనే ఉన్న. పెండ్లిళ్లు మొత్తం బంద్ పెట్టకు. జాతర ఏడాదికి ఒక్కసారి, లాయాలు ఊరికొకటి గూడ లేవు. పెట్రోల్ ఖర్చు ఎవరిస్తడు?

హన్మకొండ కెమెరా:
అన్నా, మీ అందరి మాటలు రెండు మూడు సార్లు చదువుకున్న. పెండ్లిళ్లు బంద్ పెడ్త అన్న మాట వాపస్ తీసుకుంటున్న. ముహూర్తాలు ఉన్నన్ని రోజులు పెండ్లిళ్లు, ఆషాఢంల, మూఢంల లాయాలు. గుర్రం ఓనర్లకు గూడ అప్పుడే తీరిక దొరుకుతది, గుర్రం గూడ అప్పుడు ఒళ్లు చేసి నిగనిగలాడుతది. ఫోటోకు ఇంత అని కాదు, లాయానికి ఒక పూటకు ఇంత, పెట్రోల్ అందులనే అని రేటు పెడ్త. కాగితం మీద రెండు మాటలు ముందే రాపిస్త: పుండ్లు తుడువ, కాళ్లు ఎత్తియ్య. పైసలు ఎగ్గొట్టినా సరే.

లక్షా ఎనభై వేలల్ల కొత్త కెమెరా కొంటలేను. మాళేగావ్‌కు పోయి వారం ఉండేందుకు కొన్ని పక్కకు పెట్టి, మిగతావి ఇంట్ల ఇచ్చిన. మా అమ్మ అప్పుడు గాని అన్నం పెట్టలే.

నర్సంపేట అన్నా, ఆదివారం పొద్దుగాల ఆరింటికి మీ లాయానికి వస్త. ఆడగుర్రానికి జీను ఎయ్యకుండ్రి, నున్నగ మాలీసు చేపియ్యండ్రి. చదునుగ ఉన్న జాగ ముందే చూసి పెట్టండ్రి. ప్లాస్టిక్ కవరు నేనే తెస్త.

నర్సంపేట లాయం:
రా తమ్ముడూ. చెరువు కట్ట కింద చదును ఉన్నది. చాయ్ ఇక్కడనే తాగుదువు.