పెద్దన ఏనుగులు తిరిగింది కటకంలోనా, చరియలోనా?

శేషాచలం:
అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒక పాదం నన్ను వదలడం లేదు. ఘాట్‌రోడ్డు మీద బండలు పడ్డాయని టీవీలో చెబుతూ "కొండచరియలు విరిగిపడ్డాయి" అన్నారు. ఆ మాట చెవిన పడగానే నోటికి ఇది వచ్చేసింది: "గటక చరియ కరేణు కర కంపిత సాలము శీతశైలమున్". మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయం చూసే పద్యమే, అందులో అనుమానం లేదు. ఇంటర్‌లో మా తెలుగు మేడమ్ రాగం తీసి చదివినప్పటి నుంచి నా చెవిలో "చరియ" అనే ఉంది. కానీ కటకమన్నా చరియే కదా? రెండూ పక్కపక్కన ఎందుకు వేస్తాడు? ఇంట్లో ఉన్న ప్రతికి ఆ పుటల్లోనే చెద పట్టింది.

చంపకమాల:
చరియ కాదమ్మా, చరత్. "కటక చరత్ కరేణు" అంటే కటకంలో తిరుగుతున్న ఆడ ఏనుగులు. చరియ అక్కడ ఇమడదు కూడా. చంపకమాలలో రెండో గణం జగణం. "చరత్క" అంటే లఘువు, గురువు, లఘువు. "చరియ" మూడూ లఘువులే. గణం చెడితే పెద్దన చెడినట్టే!

శేషాచలం:
సంతోషం మాస్టారూ, దిద్దుకున్నాను. మరి కటకమంటే కొండలో ఏ భాగం? మేడమ్ "కొండ నడుము" అన్నట్టు గుర్తు. నడుమా, వాలా?

చంపకమాల:
అమరకోశం ఉండగా అనుమానమెందుకు? "కటకోఽస్త్రీ నితంబోఽద్రేః". కొండకు నితంబం ఏదో అదే కటకం. ఆ వెంటనే స్ను, ప్రస్థ, సానువులను వేరే గుంపుగా చెప్పాడు. అవి కొండ మీది చదును. కటకం చదును కాదు, ఒంపు తిరిగిన వాలు. కంకణాన్నీ కటకమే అంటాం. కొండ చుట్టూ నడుముకు వడ్డాణంలా తిరిగి వచ్చే భాగమని నా ఊహ. మూలపడిన వ్యాఖ్యానాలు తిరగేస్తే దొరుకుతుంది.

బండిర:
కటకం సంగతి ఎలా ఉన్నా, అసలు చిక్కు చరియలో ఉంది. అందరూ "చరియ" అని మామూలు రేఫతో రాస్తున్నారు. నేను చూసిన పాత అచ్చుల్లో చఱి, చఱియ అని బండి ఱతోనే ఉంది. శేషాచలం గారికి "చరత్" చోట "చరియ" వినబడిందంటే, రెండూ ఒకే ధాతువు అన్న భ్రమ లోపల ఎక్కడో పనిచేస్తోంది. సంస్కృత చర్‌కీ మన చఱికీ ఏ చుట్టరికమూ లేదు.

పరుపుబండ:
లేదని అంత గట్టిగా ఎలా అంటారన్నా? తమిళంలో సరివు, మలయాళంలో చరివు, రెండూ వాలే. తమిళులు మట్టి జారితే మణ్‌చరివు, నేల జారితే నిలచ్చరివు అంటారు. మలయాళంలో ర, ఱ ఇప్పటికీ నోట్లో వేరువేరే, తమిళంలో రాతలోనైనా ఆ తేడా నిలిచింది. ఈ మాటకు మాత్రం ఇద్దరూ మామూలు రేఫే వాడతారు. మరి మనకు బండి ఱ ఎక్కడి నుంచి వచ్చింది?

బండిర:
మంచి ప్రశ్న. చఱచు చూడండి, జాఱు చూడండి. జాఱుకు బండి ఱే ఉంది. కన్నడంలోనూ పాత రూపం జాఱే. జారే చోటు చఱి కాకూడదా?

చంపకమాల:
కావచ్చు. కానీ మన లాక్షణికులు బండి ఱ పదాలకు పట్టికలు కట్టారంటేనే అప్పటికే చెవికి తేడా పోయిందని అర్థం. తేడా స్పష్టంగా వినబడే రోజుల్లో పట్టిక ఎవరికి కావాలి? వ్రాయసకాడు ఎక్కడైనా ఱ దిగేసి ఉంటాడు, అచ్చువేసినవాళ్లు దాన్నే పట్టుకున్నారు.

గెడ్డగట్టు:
ఆలస్యంగా వచ్చాను. విశాఖ వైపు కాలేజీలో 30 ఏళ్లు జియాలజీ చెప్పి రిటైరైనవాణ్ని, పద్యం నా ఇష్టం. మాస్టారి "ఒంపు" దగ్గర ఆగుతాను. అమరంలో నితంబం అనడం ఎంత చక్కటి పరిశీలనో చెప్పాలనిపిస్తోంది.

మట్టి కప్పిన కొండను పక్క నుంచి చూడండి. నెత్తి దగ్గర గుండ్రంగా బయటికి ఉబ్బి ఉంటుంది, పాదం దగ్గర లోపలికి వంగి చాటలా పరుచుకుంటుంది. అమెరికాలో గిల్బర్ట్ అనే ఆయన 1909లో ఆ పై ఉబ్బుకు కారణం చెప్పాడు. ఎండకు మట్టి ఎండుతుంది, వానకు నాని పొంగుతుంది. చీమలు, ఎర్రలు (వానపాములు) తవ్వి పోస్తాయి. పోసిన మట్టి ప్రతిసారీ కాస్త కిందికే చేరుతుంది. ఏడాదికి మిల్లీమీటర్ల లెక్క, కంటికి కనబడదు. కొండ నెత్తి నుంచి దిగేకొద్దీ పై నుంచి వచ్చే మట్టి అంతా ఆ చోటు దాటి పోవాలి. ఎక్కువ మట్టి దాటాలంటే వాలు ఎక్కువ కావాలి. అందుకే దిగుతున్నకొద్దీ ఏటవాలు పెరిగి ఒంపు ఏర్పడుతుంది. అదే నితంబం. ఇంకా కిందికి వస్తే పెత్తనం నీటిది. చాలా మేర వాన ఒక్కచోటికి చేరేసరికి బలం పెరుగుతుంది. తక్కువ వాలు మీద కూడా మట్టిని మోసుకుపోగలదు, అక్కడ కొండ లోపలికి వంగుతుంది. పెద్దన ఏనుగులు ఆ పై ఒంపు మీదే తిరిగాయని నా నమ్మకం. మట్టి లోతుగా ఉండి సాల వృక్షాలు నిలిచే చోటు అదే, నిట్టనిలువు బండ మీద సాలమెక్కడిది?

మట్టి కదలడం చూడాలంటే వాలులో ఒక పాత చెట్టు దగ్గరికి వెళ్లండి. ఎగువ పక్కన మొదలు సగం మట్టిలో కూరుకుని ఉంటుంది. దిగువ పక్కన వేళ్లు బయటపడి, వాటి కింద చెయ్యి దూరేంత సందు ఉంటుంది. అనంతగిరి దారిలో ఒక చింతచెట్టు దగ్గర నా విద్యార్థులను ఏటా నిలబెట్టి చూపించేవాణ్ని.

చంపకమాల:
గెడ్డగట్టు గారూ, ఏనుగుల మాట ఎత్తారు కనుక ఒకటి. మేఘదూతంలో రెండో శ్లోకంలో "ఆశ్లిష్టసానుం", ఆ వెంటనే "వప్రక్రీడా". కొండను అంటుకున్న మేఘం, మట్టిదరిని దంతాలతో కుమ్మి ఆడే ఏనుగులా ఉందట. మీరు చీమలను, ఎర్రలను చెప్పారు. మట్టిని కిందికి దింపే పనిలో కాళిదాసు ఏనుగునే పెట్టాడు!

గెడ్డగట్టు:
ఎంత బాగా పట్టారు మాస్టారూ! ఇన్నేళ్లు క్లాసులో ఎర్రల గురించి చెబుతూ డార్విన్ 1881 పుస్తకం దాకా వెళ్లాను, వప్రక్రీడ తట్టలేదు. ఆ మాటకొస్తే పెద్దన పద్యంలోనూ "ముహుర్ముహుర్ లుఠత్" ఉంది కదా. మళ్లీమళ్లీ దొర్లే అలలు. కొండను కోసేది ఆ "మళ్లీమళ్లీ"యే.

డెస్కు:
పత్రికలో పదేళ్లు సబ్ ఎడిటర్‌గా చేశాను. శేషాచలం గారికి పద్యం గుర్తుచేసిన వార్తావాక్యం గురించి ఎవరూ మాట్లాడలేదు. "కొండచరియలు విరిగిపడ్డాయి". రాసేటప్పుడల్లా నాకు రెండు చోట్ల గుచ్చుకునేది. ఒకటి, బహువచనం. చరియ కొండ పక్క అయితే ఒక పక్క పడుతుంది గానీ చరియలు ఎలా పడతాయి? అంటే మన నోట్లో చరియ ఇప్పుడు చోటు కాదు, ఊడిపడే పెళ్ల. రెండోది, విరగడం. 2024 జూలై 30న వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల మీదికి వచ్చింది విరిగిన బండ కాదు. నీళ్లు, బురద, గుండ్లు, చెట్లు కలిసి ఏరై పారాయి. మేము మాత్రం ఆ రోజూ "విరిగిపడ్డాయి" అనే రాశాం. మలయాళీలు దానికి ఉరుళ్‌పొట్టల్ అంటారు. ఉరుళ్ అంటే దొర్లడం, పొట్టల్ అంటే పగలడం. మనకు అలాంటి మాట ఎందుకు లేదు?

బండిర:
మరాఠీలో దరడ్ కోసళణే. దరడ్ అంటే కొండ పక్క, కోసళణే అంటే కూలడం. వాళ్లూ పక్కే కూలిందంటున్నారు. 2014లో, అదీ జూలై 30నే, పుణె జిల్లా మాళీణ్ ఊరు మట్టి కింద పడినప్పుడు మరాఠీ పత్రికల నిండా ఆ మాటే. చోటు పేరు పెళ్ల పేరైపోవడం మన ఒక్కరిదే కాదు.

గెడ్డగట్టు:
డెస్కు గారి బాధ న్యాయమైనది. కొండ కిందికి వచ్చే తీరులు నాలుగైదు ఉంటాయి, వాటికి తెలుగులో క్రియలూ ఉన్నాయి, కానీ వార్తలో ఒక్కటే తిరుగుతోంది. తిరుమల తీసుకోండి. అక్కడ పైన గట్టి క్వార్ట్‌జైట్, కింద గ్రానైట్. ఆ రెంటి మధ్య కాలం ఎడమే దాదాపు 80 కోట్ల ఏళ్లంటారు. పై రాయి పగుళ్లలో నీరు దిగి, రావి వేరు దిగి, దిమ్మ విడివడి రాలుతుంది. 2021 డిసెంబరులో రెండో ఘాట్‌రోడ్డు మీద పడినవి అలాంటి దిమ్మలే. అక్కడ "విరిగిపడింది" అక్షరాలా సరి. దిమ్మ రాలాక కూడా వెనక గోడ నిలువుగానే ఉంటుంది. కొండ అరగదు, నిలువుగానే వెనక్కి జరుగుతుంది.

మా వైపు కొండలు ఖోండలైట్ రాయి. ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే ఆయన పెట్టిన పేరది. లోతుగా కుళ్లి, ఎర్రమట్టి, తెల్లసుద్ద అయిపోతుంది. వానకు నానితే అక్కడ విరగడం ఉండదు, జారడమే. కొత్తవలస–కిరండూల్ రైలు దారిలో వానాకాలం అందుకే భయం. జారిన మట్టిలోని గార్నెట్ ఖనిజాన్ని గెడ్డలు (వాగులు) సముద్రానికి చేరుస్తాయి. భీమిలి ఒడ్డున అల వెనక్కి తగ్గగానే ఇసుక మీద వంగపండు రంగు చారలు కనిపిస్తాయి చూడండి, గుప్పెట్లోకి తీసుకుంటే అదంతా మా కొండే.

పరుపుబండ:
మా భువనగిరి గుట్టకు మట్టే లేదు సార్. ఏనుగు ఎక్కినా నిలవదు. అక్కడ నితంబం ఉంది, చరియ లేదు!

గెడ్డగట్టు:
మీ గుట్టది వేరే కథ. ఒకప్పుడు ఆ గ్రానైట్ మీద కిలోమీటర్ల మందాన రాయి ఉండేది. అది అరిగిపోయేకొద్దీ కింది బండ బరువు దిగి పొంగి, ఉల్లిపొరల్లా విచ్చుకుంటుంది. మీ పేరులో ఉన్న పరుపుబండే ఆ పొర. ఆ ఒంపు చీమలు చేసింది కాదు, బండ తనంతట విచ్చుకోవడం వల్ల వచ్చింది.

పరుపుబండ:
మా తాత బావి తవ్వించేటప్పుడు ముందు మొరం, తర్వాత "అర లేచిన బండ", ఆ తర్వాత "కన్నెబండ" అనేవాడు. అర లేవడమంటే మీరు చెప్పే పొరే. సుత్తితో కొడితే డొల్ల మోత వచ్చేది.

డెస్కు:
అర లేవడం! ఇన్నేళ్లు ఈ మాట నా చేతిలో లేకపోయింది.

శేషాచలం:
చదువుతుంటే కడుపు నిండిపోయింది. నిన్న ఘాట్‌రోడ్డు మీద పనిచేసే ఒకాయన్ను "చరియలు పడ్డాయంట కదా" అని అడిగాను. "చరియ ఆడనే ఉందిమ్మా, బండ దిగింది" అన్నాడు. ఆయనకు చరియ ఇంకా చోటే.

డెస్కు:
నాకు గుచ్చుకున్నది ఉత్తిది కాదనడానికి ఆయన సాక్ష్యం చాలు.

బండిర:
ఆయన పలికింది ఱనా, రనా? వినగలిగారా?

శేషాచలం:
నా చెవికి తేడా తెలియదండీ.

చంపకమాల:
ఇప్పుడెవరి చెవికీ తెలియదు బండిర గారూ. తేలాలంటే ప్రాసలోనే తేలాలి. ప్రాసలో రేఫనూ బండి ఱనూ కలపని పాత కవుల్లో, పాదం మొదట చరియ వచ్చి అందులోని రెండో అక్షరం ప్రాసగా నిలిచిన పద్యం ఒక్కటి చూపించండి. గిరి, కరి, సిరి పక్కన ఉంటే నా మాట నిలుస్తుంది.

బండిర:
మఱి, గుఱి, తఱి పక్కన ఉంటే నాది. తిక్కనతో మొదలుపెడుతున్నాను. విరాటపర్వం అయ్యాక వస్తాను.