ఎండీసీకే కణాల్లో హెచ్3ఎన్2 ఫ్లూ వైరస్ పెరగడం లేదు, సహాయం కావాలి

పరిశోధక విద్యార్థిని:
నిన్న ఉదయం నుంచి దీనితోనే కుస్తీ పడుతున్నాను. ఎండీసీకే కణాలు (కుక్క మూత్రపిండపు కణాలు) ఫ్లాస్కు అడుగంతా చక్కగా పరుచుకున్నాయి. హెచ్3ఎన్2 వైరస్ వేసి మూడు రోజులు ఉంచినా కణాలు చెక్కుచెదరలేదు. కోడి ఎర్ర రక్తకణాలతో హీమాగ్లుటినేషన్ పరీక్ష (వైరస్ ఉంటే రక్తకణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి) చేస్తే అక్కడా ఏమీ కనిపించలేదు. ట్రిప్సిన్ (ప్రోటీన్లను కోసే ఎంజైము) వేశాను, కణాల్లో కలుషితం లేదు. ప్రోటోకాల్ మళ్లీ చదవమని మాత్రం దయచేసి ఎవరూ చెప్పవద్దు.

ల్యాబ్ మనిషి:
మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) సీరం, అంటే రక్తరసం, ఎంత ఉంది? ఏ ట్రిప్సిన్ వేశారు?

విశ్రాంత ఆచార్యుడు:
అమ్మా, ముందు ఈ కణాలను ఎందుకు వాడుతున్నామో ఆలోచించాలి. 1958లో ఒక కాకర్ స్పానియల్ కుక్క మూత్రపిండం నుంచి తీసిన కణాలివి. గుడ్లలో పెంచితే హెచ్3ఎన్2 వైరస్ కోడి కణాలకు అలవాటుపడి తన హీమాగ్లుటినిన్‌ను (కణాలను పట్టుకునే పైపొర ప్రోటీన్‌ను) మార్చుకుంటుంది. 2016-17 టీకాకు గుడ్లలో పెంచిన వైరస్ హీమాగ్లుటినిన్‌లో 160వ స్థానం దగ్గర ఉండవలసిన చక్కెర గొలుసు పోయింది, అందువల్ల ఆ టీకాతో పుట్టిన యాంటీబాడీలు బయట తిరుగుతున్న వైరస్‌ను సరిగా పట్టుకోలేకపోయాయి. ఎండీసీకే కణాల్లో తయారైన ఫ్లూసెల్‌వ్యాక్స్ అనే ఫ్లూ టీకాకు అమెరికాలో 2012లో అనుమతి వచ్చినా, అప్పట్లో అందులో ఉన్న నాలుగు రకాలకూ విత్తన వైరస్‌ను (తయారీకి మొదట వేసే వైరస్‌ను) సైతం కణాల్లోనే పెంచడం 2019-20 సీజన్‌లోగాని సాధ్యం కాలేదు. మన హైదరాబాదులో భారత్ బయోటెక్ హెచ్1ఎన్1 టీకాను ఈ కణాల్లోనే తయారుచేసిందన్న సంగతి ఎంతమంది విద్యార్థులకు తెలుసు?

పరిశోధక విద్యార్థిని:
సర్, టీకాల సంగతి తరువాత చదువుకుంటాను. సీరం మామూలుగా వేసే 10 శాతమే. ట్రిప్సిన్ కూడా కణాలను ఫ్లాస్కు నుంచి విడదీయడానికి వాడే సీసాలోదే. ఇవి ప్రత్యేకంగా రాయాలనుకోలేదు.

ల్యాబ్ మనిషి:
కారణం అదే. సీరం ట్రిప్సిన్‌ను పనిచేయనివ్వదు. పీబీఎస్‌తో (ఉప్పు ద్రావణంతో) రెండుసార్లు కడిగి, బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఒక ప్రోటీన్) కలిపిన సీరం లేని మీడియంలో టీపీసీకే ట్రిప్సిన్ (ఇతర ఎంజైముల ప్రభావం లేకుండా శుద్ధిచేసిన రకం) మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రామ్ వేయండి. మీ సీసాలోని ట్రిప్సిన్‌లో ఈడీటీఏ ఉంటుంది, అది కణాలను ఊడగొడుతుంది.

విశ్రాంత ఆచార్యుడు:
అంటే వైరస్ అసలు సోకనే లేదన్నమాట.

మరొక సభ్యుడు:
అలా అనలేము, ఆచార్యా. వేసిన వైరస్‌లోని హీమాగ్లుటినిన్ అప్పటికే రెండు ముక్కలై ఉంటే అది కణాల్లోకి వెళ్తుంది, పిల్ల వైరస్‌లనూ పుట్టిస్తుంది. ఆ పిల్లల హీమాగ్లుటినిన్‌ను కోసే ఎంజైము ఎండీసీకే కణాల్లో తగినంత ఉండదు కనుక, బయటి నుంచి ట్రిప్సిన్ అందకపోతే అవి పక్క కణంలోకి చొరబడలేక అక్కడే ఆగిపోతాయి. కాబట్టి వైరస్ సోకింది గాని వ్యాపించలేదు అనడం సరైనది.

విశ్రాంత ఆచార్యుడు:
ప్లేట్లో ఏమీ కనిపించనప్పుడు ఈ తేడా ఎవరికి కావాలి?

మరొక సభ్యుడు:
తప్పు ఎక్కడుందో వెతుకుతున్నవారికి కావాలి. ఇంకొక మాట: ఇప్పటి హెచ్3ఎన్2 వైరస్‌లలో చాలా వరకు కోడి రక్తకణాలను పట్టుకోవు, అందువల్ల వైరస్ బాగా పెరిగినా ఆ పరీక్షలో సున్నాయే రావచ్చు. గినియా పంది రక్తకణాలు వాడండి, అవి అడుగుకు దిగడానికి గంటసేపు ఆగండి.

పరిశోధక విద్యార్థిని:
సీరం లేకుండా కొత్త ఫ్లాస్కు వేశాను, ధన్యవాదాలు. గినియా పంది రక్తం మా దగ్గర లేదు, టర్కీ కోడి రక్తం సరిపోతుందా?