మెయిన్‌ఫ్రేమ్ లినక్స్‌లో డివైస్ ఫైళ్లు: చూడనివ్వడం సరే, రాయనివ్వడం ఎందుకు?

అమలాపురం లాకు:
మొన్న రాత్రి ఇంటి నుంచి పని చేస్తున్నాను. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు, వాడకంలో లేని నెట్‌వర్క్ కార్డు ఆపబోయి, తాను లాగిన్ అయిన కార్డు తాలూకు ‘ఆన్‌లైన్’ ఫైల్లోనే 0 రాసేశాడండి. స్క్రీన్ అక్కడికక్కడే బిగుసుకుపోయింది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటారే, అచ్చం అదే. కన్సోల్ దొరికించుకుని, తిరిగి 1 రాసి, ఇంటర్‌ఫేస్ లేపేసరికి తెల్లారింది.

తెలియనివారికి: మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్లలో లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ), పరికరాలను ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఒక్కో పరికరానికి 0.0.0190 లాంటి పేరుతో ఒక ఫోల్డర్ పెడుతుంది. చివరి నాలుగంకెలు డివైస్ నంబరు. లోపల డివైస్ టైపు, కంట్రోల్ యూనిట్ టైపు, ‘అవైలబిలిటీ’ (అందుబాటు), ‘ఆన్‌లైన్’ (1 అంటే పనిలో ఉంది, 0 అంటే ఆగింది), ఇలా ఒక్కో గుణానికి ఒక్కో ఫైలు. చదివితే స్థితి తెలుస్తుంది, కొన్నింట్లో రాస్తే పరికరమే మారిపోతుంది. నా ప్రశ్న ఒకటే. ఈ రాసే ఫైళ్లు ఇలా బయట పడేసి ఉంచాలా?

గౌతమి గట్టు:
ఉంచాలండి. 2.6 కెర్నల్ రాకముందు ఏముండేది? ప్రాక్ అనే ఫోల్డర్ కింద డాస్‌డీ (మెయిన్‌ఫ్రేమ్) డిస్కులన్నీ ఒకే పట్టికలో వచ్చేవి. కాలమ్ ఒకటి జరిగితే మన స్క్రిప్టులన్నీ గంగపాలు. 2003లో 2.6తో ఫైలుకు ఒక్క విలువ అన్న పద్ధతి వచ్చాక ప్రాణం లేచొచ్చింది. డిస్కు కనబడకపోతే ‘అవైలబిలిటీ’ చదవండి. ‘గుడ్’, ‘నో పాత్’, ‘బాక్స్‌డ్’, ఏదో ఒకటి చెబుతుంది. దారి తెగిందా, వేరే సిస్టమ్ దాన్ని పట్టుకు కూర్చుందా అన్నది ఒక్క మాటలో తేలిపోతుంది.

భీమవరం రొయ్య:
చదవడం గురించి ఎవరూ కాదనలేదు కదండీ. నేను జెడ్‌ఓఎస్, అంటే ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ వైపు నుంచి వచ్చినవాణ్ణి. అక్కడ పరికరం ఆపాలంటే కన్సోల్‌లో ఆపరేటర్ ‘వేరీ’ కమాండ్ ఇవ్వాల్సిందే. మన కాలువల మీద చూడండి, తూము గట్టు మీదే ఉంటుంది, నీళ్లెంత వెళ్తున్నాయో దారిన పోయేవాడికీ కనిపిస్తుంది. షట్టర్ తిప్పే చక్రానికి మాత్రం తాళం, చెవి లస్కరు దగ్గర. ఇక్కడేమో ‘బాక్స్‌డ్’ డిస్కు ‘ఆన్‌లైన్’ ఫైల్లో ‘ఫోర్స్’ అని రాస్తే పక్క సిస్టమ్ పెట్టుకున్న రిజర్వే ఊడిపోతుంది. పక్కూరి తాళం పగలగొట్టడం కాదా అది?

గౌతమి గట్టు:
తాళం ఉందండి, దాని పేరు రూట్, సర్వాధికారాలూ ఉన్న ఖాతా. చెవి ఊరందరికీ పంచింది మీరు, లాకు గారూ. ఫైళ్లు దాచేస్తే, పరికరాల సెట్టింగులు మార్చే సీహెచ్‌జెడ్‌డెవ్ లాంటి టూల్ మాత్రం ఎలా పని చేస్తుంది? అది రాసేదీ ఆ ఫైళ్లలోనే.

రాజోలు లంక:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. ఎక్కడైనా మౌంట్ అయిన (ఫైళ్ల వాడకానికి ఏదో ఫోల్డర్‌కి తగిలించిన) డాస్‌డీ డిస్కుకి 0 రాసి చూడండి, వాడుకలో ఉందని డ్రైవరే కాదంటుంది. నెట్‌వర్క్ కార్డుకి రాస్తే నోరెత్తకుండా ఆగిపోతుంది. రెండూ ఒకే పేరున్న ఫైళ్లు, ప్రవర్తన మాత్రం ఎవరిది వారిదే! కుర్రాణ్ణి అని ఏం లాభం? ఇంకొకటి, ఫైలుకు ఒక్క విలువ అంటూ గొప్పలు చెప్పుకుంటాం. మూడు పరికరాలను కలిపి ఒక నెట్‌వర్క్ కార్డుగా కట్టే ‘గ్రూప్’ ఫైల్లో రీడ్, రైట్, డేటా అని మూడు నంబర్లు కామాలు పెట్టి ఒకేసారి రాయాలి. ఆ నియమం అక్కడికి వచ్చేసరికి ఏమైంది?

ఫైళ్లు ఉండనివ్వండి, చేత్తో మాత్రం రాయొద్దు. చేత్తో రాసింది రీబూట్ అయితే పోతుంది. టూల్ వాడితే, బూట్ అయినప్పుడు ఆ సెట్టింగు మళ్లీ పెట్టే యూడెవ్ రూల్ కూడా రాసిపెడుతుంది కాబట్టి నిలబడుతుంది. వాడుకలో ఉన్న డిస్కు ఆపమంటే దాని మీదున్న మౌంట్ పాయింట్లు చూపించి, కానిమ్మంటావా అని అడుగుతుంది కూడా.

అమలాపురం లాకు:
డిస్కుకి ఉన్న జాగ్రత్త నెట్‌వర్క్‌కి ఎందుకు లేదన్నది నాకింకా మింగుడు పడట్లేదు. ఆ సంగతి వదలను. గట్టు గారు అన్న చెవి మాట మాత్రం నిజమే. చదవడానికి రూట్ అక్కర్లేదు కాబట్టి జూనియర్లకు రూట్ తీసేశాను. టూల్ ఒక్కటే సుడోలో (ఎంచిన కమాండ్లకే రూట్ హక్కు ఇచ్చే ఏర్పాటు) ఇచ్చాను. మా కుర్రాడు ‘0.0.0600 ముట్టుకోకు’ అని కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించుకున్నాడు.