ఒకరి నీడన ఒకరు: ఒక ఐరిష్ సామెతకు తెలుగు కావాలి

మిత్రులకు నమస్కారం. ఒక్క వాక్యం. ఆరేళ్ళుగా మనసులో తిరుగుతోంది. దాన్ని తెలుగులో పెట్టడానికి మీ సాయం కావాలి.

"ఇస్ ఎర్ స్కా అ హేలె అ వారెన్ నా దీన్యె."

ఇది ఐరిష్ సామెత. మా ఆయన నానమ్మ నోట విన్నాను. వాళ్ళది ఐర్లండ్ పడమటి ఒడ్డున, గాల్వే కౌంటీలోని కనెమారా. ఇళ్ళలో ఇప్పటికీ ఐరిష్ మాట్లాడుకునే కొద్ది ప్రాంతాల్లో అదొకటి. ఆవిడకి ఇంగ్లీషు బాగానే వచ్చు గానీ ప్రేమొచ్చినా కోపమొచ్చినా ఐరిషే. ఇంటిల్లిపాదీ ఆవిడని మామో అనేవారు. అక్కడ నానమ్మనైనా అమ్మమ్మనైనా అలాగే పిలుస్తారు. నన్ను పేరుపెట్టి పిలిచింది తక్కువ, "అ స్తోర్" అనేది. స్తోర్ అంటే నిధి. మన "బంగారుతల్లీ" అన్నమాట.

మా పాప పుట్టినప్పుడు అమ్మ తెనాలి నుంచి వచ్చి మూడు నెలలు ఉంది. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఐరిష్ అసలే రాదు. అయినా ఇద్దరూ టర్ఫ్ మంట ముందు కూర్చుని పాపని మార్చి మార్చి ఎత్తుకునేవారు. టర్ఫ్ అంటే బురదనేలల్లోంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టుకునే మట్టి. ఆ పొగ వాసన ఇప్పటికీ పాప పాత శాలువాలో ఉంది.

ఒకరోజు సాయంత్రం జోరున వాన. పక్కింటావిడ తడుస్తూ వచ్చి గుడ్డలో చుట్టిన సోడా బ్రెడ్ ఇచ్చి వెళ్ళింది, ఇంకా వేడిగా ఉంది. "రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి తెచ్చిపెడుతున్నారు, వీళ్ళ రుణం ఎలా తీరుస్తావే?" అంది అమ్మ. మామోకి చెప్పాను. ఆవిడ నవ్వి పై మాట అంది. మా ఆయన ఇంగ్లీషులో చెబితే నేను అమ్మకి, "మనుషులు ఒకరి ఆసరాతో ఒకరు బతుకుతారట" అన్నాను. అమ్మ నా మాట వినట్లేదు, మామో చెయ్యి చూస్తోంది. దీపం వెలుతురు పాప కళ్ళలో పడకుండా మామో అరచెయ్యి అడ్డం పెట్టి ఉంది.

"ఆసరా కాదే, నీడ అంటోంది ఆవిడ."

స్కా అంటే నిజంగానే నీడ. ఎండకి పడే నీడ, తలదాచుకునే నీడ, రెండూ. మన "నిలువ నీడ లేదు" అన్నప్పటి నీడ అచ్చం ఇదే. అద్దాన్ని వాళ్ళు స్కాహాన్ అంటారు, అదీ స్కా నుంచి వచ్చిందే. మనమూ అద్దంలో నీడ చూసుకుంటాం కదా! గొడుగు వాళ్ళకి "వాననీడ". ఎండ కోసం మొహం వాచిన దేశంలో కూడా నీడ అనే మాట చల్లని మాటే అయిందంటే నాకు అబ్బురంగా ఉంటుంది.

వాక్యం కట్టు కూడా చూడండి. ఐరిష్‌లో మామూలుగా క్రియ ముందొస్తుంది: "మారెన్ నా దీన్యె...", అంటే "మనుషులు బతుకుతారు...". సామెతలో మాత్రం "ఇస్" అని మొదలుపెట్టి నీడని ముందుకు లాగారు. నొక్కంతా దాని మీదే. మనం ఆ పని "బతికేది" అని చేస్తాం. అందుకే "బతుకుతారు" అంటే సామెత చప్పబడిపోతోంది. ఇంకో సంగతి, "మారెన్" ఇక్కడ "వారెన్" అయింది. మాట మొదటి హల్లు ఇలా మెత్తబడటం చూస్తే గసడదవాదేశం గుర్తురాక మానదు.

నా ప్రయత్నం ఇది: "మనుషులు బతికేది ఒకరి నీడన ఒకరు." "నీడలో" అనలేదు. ఫలానావాడి నీడలో ఉండిపోయాడంటే ఎదగలేదని అర్థం వస్తుంది. నీడన పెరిగాడంటే అండ. ఈ తేడా మీకూ వినిపిస్తోందా?

ఇంత ఆరాటం ఎందుకంటే, మామో పోయి వచ్చే నెలకి ఏడాది. అక్కడ పోయినవారి ఫొటోతో, ప్రార్థనతో చిన్న కార్డు అచ్చువేసి అందరికీ పంచుతారు. దాని వెనకవైపు ఈ సామెత ఐరిష్‌లోనూ, కింద తెలుగులోనూ ఉండాలని మా మామగారు అడిగారు. అమ్మ కోసం.

చేర్పు: అందరికీ ధన్యవాదాలు. ఐరిష్‌కీ తెలుగుకీ చుట్టరికం ఉందా అని అడిగారు. లేదు. ఐరిష్ ఇండో-యూరోపియన్, మనది ద్రావిడం. పోలికలు పోలికలే.

"బతికేది" బదులు "మనేది" అన్న సూచన చాలా బాగుంది. "మారెన్"లో బతకడమే కాదు, నిలిచి ఉండటం కూడా ఉంది. కొత్త బట్ట కట్టుకుంటే మామో "గొ మారె తూ ఏ" అనేది, అది కట్టుకుని చల్లగా ఉండు అని. మనుగడలోని "మను"కి ఆ నిలకడ ఉంది.

ఇక "తోడునీడ" అని రాసినవారికి చేతులెత్తి దండం పెడుతున్నాను. నేను "ఒకరి... ఒకరు" అని దాటేసిన "అ హేలె"లో అసలు మాట కేలె. కేలె అంటే తోడు, భార్యాభర్తల్లో ఒకరికి ఇంకొకరు. అంటే సామెతలో తోడూ ఉంది, నీడా ఉంది. ఆరేళ్ళూ నా నోట్లో ఉన్న మాటే నాకు తట్టలేదు!

"మనుషులు మనేది ఒకరికొకరు తోడునీడగా."

అమ్మకి ఫోన్‌లో చదివాను. కాసేపు ఏమీ అనలేదు. "మనేది అంటే మనుగడలో మనేనా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే అదే వెయ్యి" అంది. శుక్రవారం అచ్చుకి ఇస్తున్నాం.